జగ్గుల తలుపు

ఎనిడ్ ఆంబ్లర్ నన్ను పిలిపించింది అడ్డుగోడ పీకించడానికి. "క్లిఫ్, రంపం తెచ్చుకో. టేపు అక్కర్లేదు, కొలతలన్నీ నేను తీసిపెట్టాను" అని ఫోన్లో చెప్పింది. ఇంకొకరు తీసిన కొలతలు నమ్మి చెక్క కోసిన వడ్రంగి ఎవడూ బాగుపడలేదు. టేపు పట్టుకునే వెళ్ళాను.

అది డెబ్భై ఆరు, మార్చి నెల. వాళ్ళ పబ్బు పేరు క్రాపర్స్. మాది లీడ్స్‌కి పడమటివైపు కొండల్లో ఉన్న ఉన్నిమిల్లుల ఊరు, ఒక్క వీధీ చదునుగా ఉండదు. క్రాపర్స్ రెండు వీధులు కలిసే మూలన ఉంది. పెద్దవీధి వైపు మూడు మెట్లెక్కి లోపలికి పోవాలి. తలుపు తీస్తే గజమంత నడవ. ఎడమచేతి తలుపు పెద్దగదికి. అది మగవాళ్ళది. బండల నేల, గోడల వెంట బల్లలు, నిప్పుగూడు, దాని మీద నిలువెత్తు అద్దం. కుడిచేతి తలుపు చిన్నగదికి. అందులో ఎనిమిది మంది పడతారు, ఎప్పుడు చూసినా ఆడవాళ్ళే. రెండు గదులకీ మధ్యన కౌంటరు. చిన్నగది వైపు కౌంటరు మీద, సరిగ్గా మొహాల ఎత్తున, పువ్వులు చెక్కిన మసక అద్దాలు వరసగా బిగించి ఉంటాయి. ఒక్కొక్కటీ అరచేతులు రెండు కలిపినంత. సీల మీద అటూ ఇటూ తిరుగుతాయి. వెనకటి రోజుల్లో, పబ్బుకొచ్చిన ఆడదాని మొహం మగాళ్ళకి కనపడకూడదని చేసిన ఏర్పాటు. కావలసింది అడగాలంటే కింద చిన్న సందు ఉంది, అందులోంచి గ్లాసు వస్తుంది.

ఎనిడ్ పీకమన్నది చిన్నగదికీ నడవకీ మధ్యనున్న అడ్డుగోడ. ఎర్ర మహాగని చెక్క, పై సగం అద్దం. దాన్ని చేసిన పనివాడెవడో నాకు తెలియదు గానీ, మూలల్లో ఒక్క మేకు లేదు. ఎనభై అయిదేళ్ళయినా జాయింట్లలో గోరు దూరదు.

"ఎందుకు పీకడం?" అన్నాను.

"విల్ఫ్ కోసం" అంది.

విల్ఫ్ ఆమె మొగుడు. రెండేళ్ళ కిందట నేలమాళిగలోకి పీపా దించుతుంటే తాడు తెగింది. పీపా అతని నడుము మీంచి దొర్లిపోయింది. ప్రాణం దక్కింది గానీ కాళ్ళు పోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక వెనక వంటింట్లో మంచం వేశారు. వంటింట్లోంచి కౌంటరులోకి దారి ఉంది, కానీ అది రెండు మెట్లు దిగాలి, దిగాక కౌంటరు వెనక జాగా పంతొమ్మిది అంగుళాలు. ముందువైపు నుంచి రావాలంటే మూడు మెట్ల మీద పలక వేసుకోవచ్చు. అయితే నడవలో తలుపులు రెండూ ఇరవైనాలుగు అంగుళాలు. విల్ఫ్ చక్రాల కుర్చీ ఇరవై అయిదున్నర. అడ్డుగోడ ఉన్నంతవరకు ఆ నడవలో కుర్చీ తిరగదు, దూరదు. ఎనిడ్ కొలతలు తప్పు కాదు, ఒప్పుకోవాలి.

పద్దెనిమిదేళ్ళు నడిపిన సొంత పబ్బులోకి విల్ఫ్ రెండేళ్ళుగా రాలేదు. గోడవతల నవ్వులు వినపడుతుంటాయి. మొదట్లో స్నేహితులు వంటింట్లోకి వచ్చి పలకరించేవాళ్ళు. తర్వాత తర్వాత రావడం తగ్గింది. మంచం పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో మగాళ్ళకి తెలియదు.

"నలుగురం మోసుకొస్తే?" అన్నాను.

"ఆ మాట నువ్వే చెప్పు ఆయనకి. ప్లేటు విసిరితే తప్పుకోవడం వచ్చు కదా నీకు?"

"సరే. కానీ ఎనిడ్, ఈ కట్టడాన్ని కౌన్సిలు వాళ్ళు కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో చేర్చారు. అడక్కుండా చెయ్యి వేస్తే నీ లైసెన్సుకే ముప్పు."

"అడుగుదాం అయితే" అంది. ఆ మాట పళ్ళు కొరుకుతూ అంది.

ఆ పైవారం కౌన్సిలు నుంచి మనిషి వచ్చింది. లోర్నా ట్రెంచ్ అని, ఇరవై ఆరేళ్ళ పిల్ల. దక్షిణాది యాస, పెద్ద బూట్లు, భుజాన కెమెరా. వచ్చింది మధ్యాహ్నం పన్నెండున్నరకి. అప్పటికి చిన్నగదిలో ఇద్దరు ముసలమ్మలు మాత్రం ఉన్నారు. బల్ల మీద కిటికీకి దూరంగా కూర్చునేది మిసెస్ బ్రాడ్‌బెంట్. ఎనభై నాలుగేళ్ళు, పన్నెండో ఏట మగ్గం దగ్గర నిలబడి యాభై ఏళ్ళు నేసింది. ఆవిడ పక్కన ఏడా సైక్స్, నాలుగేళ్ళు చిన్న, అదే మిల్లు, అదే వరస. ఇద్దరి ముందూ నల్ల బీరు చిన్న గ్లాసులు.

లోర్నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి అడ్డుగోడ అడుగుభాగం చూసింది. అద్దాన్ని వేలితో తాకింది. "ఇది యాసిడ్‌తో చేసిన పని. ఇప్పుడెవరూ చెయ్యరు" అంది తనలో తాను.

"బాగుందా?" అంది ఎనిడ్.

"చాలా బాగుంది."

"మంచిది. తీసుకుపోయి నీ ఇంట్లో పెట్టుకో. నాకు దారి కావాలి."

లోర్నా లేచి నిలబడింది. "మిసెస్ ఆంబ్లర్, ఈ ఊళ్ళో ఇలాంటి పబ్బులు చాలా ఉండేవి. ఒక్కొక్కరే గదులు కలిపేసి పెద్ద హాలు చేసుకున్నారు. గదులు గదులుగా మిగిలింది ఇదొక్కటే. దీన్ని పీకడానికి నేను సిఫారసు చెయ్యలేను."

"మా ఆయన మనిషమ్మా. ఇది చెక్క."

"నాకు తెలుసు."

"తెలిస్తే సంతకం పెట్టు."

"పెట్టలేను."

"అంటే నీ అద్దం బాగుండటం కోసం నా మొగుడు వంటింట్లో ఉల్లిపాయల పక్కన పడుండాలి."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నేను కౌంటరుకి ఆనుకుని టేపు చుట్టుకుంటున్నాను, ఎటు చూడాలో తెలీక ముసలమ్మల వైపు చూశాను.

మా అమ్మ కూడా మిల్లు మనిషే. వంద మగ్గాలు కొట్టుకుంటుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని నేత ఆడవాళ్ళు గొంతు లేకుండా పెదాలు బాగా సాగదీసి మాట్లాడుకునేవాళ్ళు. ఎదుటి మనిషి పెదాలు చూసి అర్థం చేసుకోవడమే. మా అమ్మ వంటింట్లో మా పిన్నితో అలాగే మాట్లాడేది, మేం పిల్లలం వినకుండా. పిల్లలం కొన్నాళ్ళకి నేర్చేసుకున్నాం, అది వేరే సంగతి.

మిసెస్ బ్రాడ్‌బెంట్ పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. "తలుపు సంగతి చెప్పేద్దామా?" అంటోంది.

ఏడా పెదాలు: "చెప్తే మన బల్ల పోతుంది."

"పాపం కదే."

"మన బల్లో?"

నేను టేపు జేబులో పెట్టుకుని అడిగాను. "ఏ తలుపమ్మా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఏడా గ్లాసులో బీరు కొంచెం ఒలికింది. "నువ్వు నెల్లీ కొడుకువి కదూ" అంది మిసెస్ బ్రాడ్‌బెంట్, దొంగతనం పట్టుబడ్డట్టు. "మర్చేపోయాను."

"ఏ తలుపు?" అంది ఎనిడ్.

ముసలావిడ బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించింది. ఆమె వీపు వెనక గోడకి పైదాకా సన్నటి చెక్కలు కొట్టి, గోధుమరంగు వేసి ఉంది. "ఇక్కడ. నేను ఏడేళ్ళప్పుడు ఇందులోంచే వచ్చేదాన్ని, మా నాన్న రాత్రి భోజనంలోకి బీరు పట్టుకెళ్ళడానికి, జగ్గుతో. జగ్గుల తలుపు అనేవాళ్ళం. యుద్ధంలో బాంబుల భయానికి దీపాలార్పినప్పుడు మూసేశారు. ముప్పై ఆరేళ్ళుగా దాని గాలి నా నడుముకి కొడుతూనే ఉంది."

"ముప్పై ఆరేళ్ళుగా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

లోర్నా అప్పటికే వీధిలోకి పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. మా ఊళ్ళో ఒక్క వీధీ చదునుగా ఉండదని చెప్పాను కదా, పక్కవీధి కొండెక్కుతూ పోతుంది. ముందువైపు మూడు మెట్ల ఎత్తు ఉన్న నేల, ఈ పక్కన సరిగ్గా కాలిబాటతో సమానంగా ఉంది. అక్కడ గోడకి సిమెంటు పూత, దాని మీద పోస్టర్లు అంటించుకునే చెక్క పలక. అన్నేళ్ళుగా ఆ దారినే నడిచాను. వడ్రంగినై ఉండి కూడా ఆ పలక అంత వెడల్పు ఎందుకుందని ఒక్కసారి అనుకోలేదు. లోర్నా పిడికిలితో కొట్టింది. డొల్లగా మోగింది.

"ఎంత వెడల్పు ఉండొచ్చు?" అంది.

లోపలికొచ్చి ముసలావిణ్ణే అడిగాం. ఆవిడ ఆలోచించి, "లోపలికెళ్ళే ఆడదీ బయటికొచ్చే ఆడదీ జగ్గులు తగలకుండా తప్పుకునేవాళ్ళు. రెండు రెక్కలు" అంది.

"కొత్త దారి పెట్టడానికి నేను ఒప్పుకోలేను. ఉన్న తలుపు మళ్ళీ తెరుస్తానంటే అది మరమ్మతు కింద వస్తుంది" అంది లోర్నా. చెబుతూ ఎనిడ్ వైపు చూడలేకపోయింది. ఉత్తరం తొమ్మిది రోజుల్లో వచ్చింది. కౌన్సిలు చరిత్రలో అంత తొందరగా ఏ ఉత్తరమూ వచ్చి ఉండదని ఎనిడ్ అంది, అది ఆమె నోట మెచ్చుకోలు కిందే లెక్క.

మంగళవారం పొద్దున్న పని మొదలుపెట్టాను. ముందు బల్ల. రెండడుగుల రెండంగుళాలు కోస్తే గాని దారి రాదు. ముసలమ్మలిద్దరూ కోట్లు వేసుకుని నిలబడి చూశారు. రంపం పెడుతుంటే ఏడా మొహం తిప్పుకుంది. మిసెస్ బ్రాడ్‌బెంట్ చూస్తూనే ఉంది. ఆ చెక్క మీద ఆవిడ కూర్చునే చోట నునుపుదేరి చిన్న గుంట పడి ఉంది. ఆ భాగం కోతకి ఇవతలే ఉండేట్టు గీత పెట్టుకున్నాను, దానికి ఒక గంట పట్టింది.

తర్వాత గోడ చెక్కలు. యుద్ధంలో తొందరలో చేసిన పని, ఎక్కడ పడితే అక్కడ మేకులు. అవి తీస్తే నల్లగుడ్డ, గుడ్డ వెనక తలుపు. రెండు రెక్కలూ ఉన్నాయి. పై అద్దాలకి నల్లరంగు పూసేశారు. గీకితే కింద అక్షరాలు, మిగతా పబ్బులో ఉన్న పువ్వులే చుట్టూ. తలుపుకీ చెక్కలకీ మధ్య అడుగున్నర జాగాలో నడుము ఎత్తుదాకా ఆకుపచ్చ పింగాణీ పలకలు, ఒక్కటి కూడా పగల్లేదు. కింద ఒక చనిపోయిన ఎలుక, ఒక పాప చెయ్యి తొడుగు. తొడుగు ఎవరిదో తెలీలేదు. మిసెస్ బ్రాడ్‌బెంట్ తనది కాదంది, "మాకు తొడుగులెక్కడివి" అంది.

కొలిచాను. రెండు రెక్కలూ తీస్తే ముప్పై ఆరు అంగుళాలు.

ఎనిడ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. తలుపు చట్రాన్ని పైనుంచి కిందికి చేత్తో తడిమింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి మొగుడికి చెప్పింది. గోడవతల నుంచి మాటలు నాకు స్పష్టంగానే వినపడ్డాయి.

"జగ్గుల తలుపులోంచా? నేనా?"

"ఏం, నీకు తోరణాలు కట్టాలా?"

"ఆ తలుపులోంచి ఎవరొస్తారో తెలుసా? మొగుడికి తెలీకుండా తాగే ఆడాళ్ళు, అయ్య పంపిన పిల్లలు. నేనీ పబ్బు యజమానిని."

"యజమానివైతే వచ్చి యజమానిగా కూర్చో! రెండేళ్ళు, విల్ఫ్! రెండు గదులకీ ఒక్కదాన్నే పోస్తున్నాను."

"నేను రాను. చెక్కలు మళ్ళీ కొట్టించెయ్."

ఏదో పగిలింది. ఎనిడ్ బయటికొచ్చి పెద్దగదిలో నిప్పుగూడు తుడవడం మొదలెట్టింది. అది అప్పటికే తుడిచి ఉంది.

మూడు రోజులు అలాగే గడిచింది. నేను తలుపు బాగుచేశాను, బందులు మార్చాను, నల్లరంగు గీకాను. నాలుగో రోజు వంటింటి నుంచి పెరట్లోకి ఉన్న గడప చెక్క నరుకుతున్నాను, కుర్చీ ఎగిరిపడకుండా. విల్ఫ్ మంచం మీద పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నాతో మాట్లాడటం లేదు. పనివాడు కూడా శత్రుపక్షమే.

అప్పుడు మిసెస్ బ్రాడ్‌బెంట్ వచ్చింది. పెరటి వైపు నుంచి, టోపీ పెట్టుకుని, చేతిలో సంచి. యాభై ఏళ్ళుగా ఆ పబ్బుకి వస్తోంది, వంటింట్లో అడుగు పెట్టడం అదే మొదలు. చుట్టూ ఒకసారి చూసి, అడక్కుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"విల్ఫ్రెడ్. నీకోసం ఈ అబ్బాయి నా బల్ల కోసేశాడు."

"నేనడిగానా?" అన్నాడు పేపరు వెనక నుంచి.

"అడగలేదు. అడగడం నీ ఒంట్లో ఉంటే ఇంత గొడవెందుకు? ఏడాకీ నాకూ మధ్య ఇప్పుడు గ్లాసు పెట్టుకునే చోటు లేదు. ఇరుక్కుని కూర్చుంటున్నాం. తలుపు తీసి పెట్టారు, గాలి ఇదివరకటికి రెట్టింపు. నేను చలికి చస్తే శవపేటిక నీ తలుపులోంచే తీసుకుపోతారు, వెడల్పు బాగా సరిపోతుంది."

పేపరు కొంచెం కదిలింది. నవ్వాడో లేదో తెలీలేదు.

"ఆ గదిలో మగాళ్ళెప్పుడూ కూర్చోలేదు" అన్నాడు.

"అవును. మాకూ ఇష్టమేం కాదు."

"మరి?"

ముసలావిడ నా వైపు ఒకసారి చూసింది, నేనున్నానని మర్చిపోలేదు. ఆలోచించుకుంది. తర్వాత మెల్లిగా అంది. "పోయిన గురువారం నార్మన్ టార్డాఫ్ నీ గురించి ఒక మాటన్నాడు."

పేపరు కిందికి దిగింది. "ఏమన్నాడు?"

"నేను చెప్పను. వచ్చి చూసుకో."

"వినడం కదా. చూసుకోవడమేంటి?"

"చూసుకోవడమే" అంది. లేచి సంచి తీసుకుంది. "ఆరున్నరకి వస్తాడు నార్మన్. వస్తే మెడకి గుడ్డ చుట్టుకుని రా, గాలి."

ఆరుంబావుకి విల్ఫ్ ఎనిడ్‌ని పిలిచి కాలరున్న చొక్కా ఇమ్మన్నాడు.

ఎనిడ్ కౌంటరు వదిలి రాలేదు, జనం మొదలయ్యారు. కుర్చీ నేనే తోశాను. పెరట్లోంచి సందులోకి, సందులోంచి పక్కవీధిలోకి. ఎవరూ చూడలేదు. చిన్న వాన. తలుపు దగ్గర ఆగాను. "తొయ్" అన్నాడు. ఒక్క కుదుపు లేకుండా లోపలికెళ్ళింది. పని బాగా కుదిరినప్పుడు వడ్రంగికి ఏం వినపడదు, అదే ఆనవాలు.

ఏడా మోకాళ్ళు పక్కకి తిప్పుకుంది. మిసెస్ బ్రాడ్‌బెంట్ తన పక్కన, కోసేసిన బల్ల ఉండేచోట, కుర్చీ పెట్టించింది. "చప్పుడు చెయ్యకు" అంది. చెయ్యి చాపి కౌంటరు మీది మూడో అద్దాన్ని, నాలుగో అద్దాన్ని రెండు వేళ్ళతో కొద్దిగా తిప్పింది. రెండంగుళాల సందు పడింది. దాంట్లోంచి కౌంటరు మీదుగా పెద్దగది కనపడింది. అటు బల్ల మీద కూర్చున్న మగాళ్ళ వీపులు. వాళ్ళకి ఎదురుగా నిప్పుగూడు, దాని మీద నిలువుటద్దం. ఆ అద్దంలో ప్రతి ఒక్కడి మొహం, దీపం వెలుగులో, పెదాలు పెదాలుగా.

మగాళ్ళు చూడకుండా ఆడవాళ్ళని దాచడానికి పెట్టిన అద్దాలవి. వాటి వెనక కూర్చుని అన్నేళ్ళుగా ఈ ఇద్దరూ మగాళ్ళ మాటలు ఒక్కటి వదలకుండా చదువుకున్నారు.

"ఓరి దేవుడా" అన్నాడు విల్ఫ్. "నేను మాట్లాడినవి కూడానా?"

"అరవై రెండులో ఎనిడ్ మీద అలిగి నువ్వన్న మాటలు ఇంకా గుర్తే" అంది ఏడా. "మేం చెప్పలేదులే."

మగాళ్ళ మాటలు ముందు కుక్కల పందేల మీద సాగాయి. ఏడా గుసగుసగా అప్పజెబుతోంది, ఎవరి మాట వాళ్ళ గొంతుతో సహా. తర్వాత బస్సు డ్రైవరు నార్మన్ గ్లాసు వెలుగుకి ఎత్తి చూసుకున్నాడు. "ఇది బీరా, గిన్నెలు కడిగిన నీళ్ళా? విల్ఫ్ చేతిలో ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అన్నాడట.

విల్ఫ్ మొహం వెలిగింది. ఒక్క క్షణమే. అప్పుడే ఎనిడ్ ఆ సందుకి అడ్డంగా వెళ్ళింది. రెండు చేతుల్లో నాలుగు గ్లాసులు, చెంపకంటుకున్న జుట్టు, కుడి భుజం కొంచెం కిందికి వంగి ఉంది. బీరు పంపు కొట్టి కొట్టి అలా అయిపోయింది. పెద్దగదిలో పోసి, డబ్బు తీసుకుని, చిల్లరిచ్చి, పొయ్యిలో బొగ్గు వేసి, మళ్ళీ ఇటు వచ్చింది. విల్ఫ్ ఆమెనే చూస్తున్నాడు. రెండేళ్ళుగా ఆమె పనిచేయడం అతను చూడలేదు, అలిసిపోయి వంటింట్లోకి రావడం మాత్రమే చూశాడు.

"నార్మన్ ఇంకేమంటున్నాడు?" అన్నాడు.

ఏడా అద్దంలోకి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు మిసెస్ బ్రాడ్‌బెంట్ వైపు చూసింది. ఆవిడ తల ఊపింది.

"'మంచివాడు పాపం విల్ఫ్, ఉన్నన్నాళ్ళూ బాగా చూసుకున్నాడు' అంటున్నాడు. పక్కవాళ్ళంతా తలలూపుతున్నారు. అందరూ గ్లాసులెత్తారు."

విల్ఫ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. గ్లాసులిచ్చే సందులోకి తల దూర్చి గొంతెత్తి అరిచాడు. "నార్మన్ టార్డాఫ్! నేనింకా చావలేదురా! ఆ గ్లాసు దించు!"

పెద్దగదిలో ఎవడి చేతిలోంచో డామినో ఆట ముక్క కింద పడింది. ఎనిడ్ పంపు లాగుతూనే ఉంది, గ్లాసు నిండి పొర్లి చేతి మీద కారుతున్నా చూసుకోలేదు. వంగి సందులోంచి ఇటు చూసింది. మొగుడి మొహం జానెడు దూరంలో ఉంది.

"వచ్చావా" అంది.

"వచ్చాను. పంపు వదులు, బీరు కారిపోతోంది."

నార్మన్ పరిగెత్తుకొచ్చాడు గానీ చిన్నగది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి రావడానికి ఆడవాళ్ళ అనుమతి కావాలి. మిసెస్ బ్రాడ్‌బెంట్ ఇవ్వలేదు. అక్కడే నిలబడి టోపీ చేత్తో నలుపుతూ, "నేను చెడ్డగా ఏమీ అన్లేదు విల్ఫ్, నీకెలా వినపడిందసలు?" అన్నాడు.

ఏడా విల్ఫ్ కాలి మీద తన్నింది. అతనికి కాళ్ళలో స్పర్శ లేదు గానీ తన్నడం చూశాడు.

"వంటింట్లో రెండేళ్ళు పడుకుంటే చెవులు పదునెక్కుతాయి" అన్నాడు.

ఆ రాత్రే తేల్చుకున్నారు బీరు సంగతి. గ్లాసులు కడుగుతుంటే విల్ఫ్ ఎనిడ్‌తో అన్నాడు, పీపా దించాక రెండు రోజులు కదపకుండా ఉంచాలి, నువ్వు మర్నాడే పోసేస్తున్నావు అని. "రెండేళ్ళుగా చెప్పలేదేం?" అంది. "నువ్వడగలేదు." "అడిగినప్పుడల్లా మొహం గోడకి తిప్పుకున్నావు." ఇద్దరూ గట్టిగానే అరుచుకున్నారు. నేను సామాను సర్దుకుని పక్కతలుపులోంచి వచ్చేశాను.

తర్వాత విల్ఫ్ రోజూ వచ్చాడు. ప్రతి కొత్త పీపా మొదటి గ్లాసు అతని ముందుకొచ్చేది. బాగా లేదంటే ఎనిడ్ ఒప్పుకునేది కాదు, పోట్లాడేది, కానీ పైపులు కడిగేది. ఎండాకాలానికి బీరు బాగుపడింది. ఆ ఏడు వానలే లేవు, ఊరంతా అక్కడే ఉండేది. పెదాలు చదవడం విల్ఫ్ నేర్చుకోవాలని చాలా ప్రయత్నించాడు గానీ పట్టుబడలేదు. నార్మన్ "పందెం" అంటే "అందం" అనుకునేవాడు. ఏడా మీదే ఆధారపడాల్సి వచ్చేది, ఏడా తన ఇష్టమొచ్చినంతే చెప్పేది.

లోర్నా ట్రెంచ్ జూన్‌లో తలుపు ఫొటో తీయడానికి వచ్చింది. ఎనిడ్ ఆమెకి హామ్ శాండ్‌విచ్ పెట్టింది. క్షమించమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఫొటోలయ్యాక ఆ పిల్ల మిసెస్ బ్రాడ్‌బెంట్‌ని అడిగింది, ఊళ్ళో ఇంకెక్కడైనా ఇలాంటి తలుపులు ఉండేవా అని.

"కారుందా నీ దగ్గర?" అంది ముసలావిడ.

కౌన్సిలు కారులో ముందుసీట్లో టోపీ పెట్టుకుని కూర్చుంది. ఒక మధ్యాహ్నమంతా ఊరు తిప్పించింది. కొన్ని పబ్బులు ఇప్పుడు కార్పెట్ల దుకాణాలు, ఒకటి బ్యాంకు, ఒకటి ఖాళీ స్థలం. కారాపించి, దిగి, కర్రతో గోడ మీద కొట్టి "ఇదిగో ఇక్కడ" అని చూపించిందట. మొత్తం పదకొండు తలుపులు. లోర్నా అన్నీ పటంలో గుర్తు పెట్టుకుంది. వాటిలో కనీసం రెండు ముసలావిడ ఊరికే కారు షికారు కోసం కల్పించిందని ఏడా అంటుంది. ఆ రెండూ ఏవో మాత్రం చెప్పదు.